ఓర్చుకునేది ఎవరు?

లేత్ షాపుల్లో 'ఔట్' అనే మాట రోజుకి వందసార్లు వినిపిస్తుంది. "జాబ్ ఔట్ ఉంది", "ఎంత ఔట్?", "ముందు ఔట్ తియ్యి." క్రికెట్‌కీ దీనికీ సంబంధం లేదు. చక్‌లో బిగించిన కడ్డీ నడుమ, మిషన్ తిరిగే నడుమ ఒకటి కాకపోతే కడ్డీ తిరిగేటప్పుడు ఊగుతుంది. ఆ ఊపే ఔట్. ఔట్ ఉన్న జాబ్‌ని అలాగే తరిగితే ఒకవైపు ఎక్కువ పోతుంది, ఇంకోవైపు తక్కువ. తరిగిన భాగం గుండ్రంగానే వస్తుంది, నిగనిగలాడుతుంది కూడా. కాకపోతే పాత భాగానికీ దానికీ ఇరుసు ఒకటి కాదు. ఒక వస్తువు చూడ్డానికి ఏ లోపమూ లేకుండా ఉండి కూడా తప్పుగా ఉండగలదని నాకు బోధపడింది అక్కడే.

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక వెల్డింగ్ సెట్టు, ఇద్దరు కుర్రాళ్ళు. నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి. సెలవులకి వెళ్ళినప్పుడు ఆ షెడ్డులో అందరి కాళ్ళకీ అడ్డంపడటం నాకు సరదా, ఆయనకి చిరాకు. రెండేళ్ళ కిందట, దసరా ముందు వారంలో, అక్కడ ఒక పనిముట్టు చేశాం. పనిముట్టు అనడం పెద్దమాటేమో. షెడ్డులో దాన్ని 'పుల్ల' అంటారు. జాబ్‌ని సెంటర్ చెయ్యడానికి పనికొస్తుంది. దాంతోపాటు నా బుర్రలో ఒక ప్రశ్న పడింది, అది ఇంకా పోలేదు.

త్రీ జా చక్‌లో ఒకచోట కీ పెట్టి తిప్పితే మూడు జాలూ కలిసి కదుల్తాయి. జాబ్ దానంతటదే నడుమకి వస్తుంది, దాదాపుగా. అరిగిన చక్‌లో ఆ 'దాదాపు' మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉండొచ్చు, అంటే మనం రాసుకునే తెల్లకాగితం మందం. ఫోర్ జా చక్‌లో నాలుగు జాలూ వేటికవే. చదరపు కడ్డీ అయినా వంకర పోత అయినా పట్టుకుంటుంది కానీ నడుమ ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. అందుకు డయల్ గేజ్ అని ఒకటుంది, మిల్లీమీటరులో నూరో వంతు చూపిస్తుంది. బాబాయి దగ్గర ఉన్నది ఒకటే, బీరువాలో, స్పాంజి పెట్టెలో. వెల్డింగ్ చేసిన గరుకు జాబ్‌ల దగ్గరికి దాన్ని రానివ్వడు. "పసిపిల్లని ముళ్ళమీద నడిపిస్తామా?" అంటాడు. అలాంటి జాబ్‌లకి చాక్‌పీసే. తిరుగుతున్న జాబ్‌కి చాక్‌పీస్ మెల్లగా దగ్గరికి తెస్తే ఎత్తుగా వస్తున్న వైపు మాత్రం తెల్లగా గీసుకుంటుంది. ఎటు ఎక్కువుందో తెలుస్తుంది, ఎంత ఎక్కువో తెలీదు. చాక్‌పీస్‌కీ డయల్‌కీ మధ్యలో ఏదో ఒకటి కావాలి, అదీ అవసరం.

టూల్‌పోస్ట్‌లో పట్టేలా 12 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ ఒకటి తీసుకుని దాని మూతికి చీలిక కోశాం. చీలికలో నిలువుగా ఒక పిన్ను. పిన్ను మీద ఊగేలా సన్నని ఉక్కు పుల్ల, పిన్నుకి ఇటు 20 మిల్లీమీటర్లు, అటు 200. పొట్టి కొసని గుండ్రంగా అరగదీసి, ఎర్రగా కాల్చి, నూనెలో ముంచాం. జాబ్‌కి ఆనేది అదే. పొడుగు కొస కింద ఒక రేకు, రేకు మీద కాగితం, కాగితం మీద పెన్సిల్ గీతలు. పుల్ల ఎప్పుడూ జాబ్‌ని అంటిపెట్టుకుని ఉండేలా సైకిల్ ట్యూబ్ నుంచి కోసిన రబ్బరు ముక్క లాగుతూ ఉంటుంది. అంతే. జాబ్ వెంట్రుకంత జరిగితే పొడుగు కొస దానికి పదింతలు జరుగుతుంది. జాబ్ నడుమ 0.05 మిల్లీమీటర్లు తప్పిందనుకోండి. ఒక చుట్టు తిరిగేసరికి దాని ఒంటి మీద తేడా దానికి రెండింతలు, 0.1. పుల్ల కొస దగ్గర అది ఒక మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరు నా కళ్ళజోడుకి కూడా ఆనుతుంది.

వాడే పద్ధతి ఇది. మిషన్ ఆపి చక్‌ని చేత్తో తిప్పాలి. ఒక జా పుల్ల వైపు వచ్చినప్పుడు కొస ఏ గీత దగ్గర ఉందో చూసి, సగం చుట్టు తిప్పి, ఎదురు జా దగ్గర మళ్ళీ చూడాలి. రెండింటికీ ఉన్న తేడాలో సగమే జరపాలి. మొత్తం జరిపితే ఇటున్న తప్పు అటు పోతుంది. ఇంకోటి, ఎత్తుగా ఉన్న వైపు జాని బిగించే ముందు ఎదురు జాని వదులు చెయ్యాలి. ఇటు వదలకుండా అటు బిగిస్తే జాబ్ కదలదు, నలుగుతుంది. పల్చని బుష్ అయితే గుడ్డు ఆకారంలోకి పోతుంది. మొదటి జత అయ్యాక రెండో జత, ఆ తర్వాత మళ్ళీ మొదటి జత, ఎందుకంటే రెండోది సర్దేటప్పుడు మొదటిది కాస్త చెడుతుంది. అలవాటున్నవాళ్ళకి ఐదు నిమిషాల పని. మొదటిరోజు నాకు ముప్పావుగంట పట్టింది. కుర్రాళ్ళు టీ తాగుతూ సినిమా చూసినట్టు చూశారు.

పెన్సిల్ గీతలు సమానంగా పడలేదు. స్కేలు పెట్టి మళ్ళీ గీస్తానన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. "ఎందుకురా? నీకు లెక్క కావాలా, అది కదలకుండా ఉండటం కావాలా?"

ఆ మాట మీద నేను చాలాసేపు ఆగిపోయాను. నిజమే, గీతలు ఎగుడుదిగుడుగా ఉన్నా, పుల్ల సరిగ్గా పదింతలు కాక తొమ్మిదిన్నర ఇంతలే చూపిస్తున్నా, కడ్డీ కొంచెం వాలి ఉన్నా ఫర్వాలేదు. అదే పుల్ల, అదే చోట నిలబడి, జాబ్ ఈ వైపునీ ఆ వైపునీ చూస్తోంది. దాని వంకర రెండు చూపుల్లోనూ సమానంగా ఉంది కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే పోతుంది. చుట్టంతా తిరిగినా కొస ఎక్కడ ఉన్నది అక్కడే నిలబడిందంటే జాబ్ నడుమకి వచ్చినట్టే, ఏ గీత మీద నిలబడితే ఏం? పిన్ను రంధ్రం కాస్త వదులైనా నష్టం లేదు, రబ్బరు దాన్ని ఎప్పుడూ ఒకే పక్కకి లాగి ఉంచుతుంది. రబ్బరు తెగితే మాత్రం పుల్ల ఇక దేనికీ పనికిరాదు. తాపీమేస్త్రీలు మట్టం బద్దని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పిపెట్టి చూసేది కూడా ఇందుకే. బద్దలో ఉన్న దోషం అప్పుడు బయటపడుతుంది.

ఎవరి తప్పయినా ఎత్తిచూపబోతే మనకి మొదట ఎదురయ్యే మాట "నువ్వేమన్నా సత్యహరిశ్చంద్రుడివా?" తీర్పు చెప్పేవాడు ముందు తాను నిటారుగా ఉండాలన్నది అందులోని నమ్మకం. ఆ నమ్మకంతో మనం చాలామంది నోళ్ళు మూయించాం, మన నోళ్ళు కూడా మూసుకున్నాం. పుల్ల చెప్పేదాని ప్రకారం వంకరవాడు కూడా నడుమ కనుక్కోగలడు. అందరినీ ఒకే వంకరతో చూడాలి, అంతే. పెద్ద కాంట్రాక్టరు జాబ్‌కీ, సైకిల్ మీద వచ్చిన మనిషి జాబ్‌కీ రబ్బరు ఒకే పక్కకి లాగాలి. నాకు ఇది ఊరటనిచ్చే ఆలోచన. అయితే ఊరటనిచ్చే ఆలోచనల్ని కాస్త అనుమానించే అలవాటు కూడా నాకుంది.

ఎందుకంటే పుల్లకి కొన్ని చేతకానివి ఉన్నాయి. అది ఆనించిన చోట మాత్రమే నిజం చెప్తుంది. చక్ మూతి దగ్గర కొస కదలకుండా నిలబడినా, ఓ అడుగు ఇవతల అదే జాబ్ ఊగుతుండొచ్చు, పట్టుకోవడమే వాలుగా పట్టుకుని ఉంటే. రెండుచోట్ల చూడాలి. ఆఫీసులో నిక్కచ్చిగా ఉండి ఇంట్లో ఇంకోలా ఉండే మనుషులు అందరికీ తెలిసినవాళ్ళే, ఆ సంగతి సాగదీయను. ఇంకా పెద్ద చిక్కు, జాబ్‌లో ఏ భాగాన్ని నమ్మి పుల్ల ఆనించాలి అన్నది. ఇది ఏ పనిముట్టూ చెప్పదు.

ఆ వారమే ఒక మోటారు షాఫ్ట్ వచ్చింది. మైలవరం వైపు ఒక రైతు పొలంలో బోరు నీళ్ళు తోడే పంపుది. 30 మిల్లీమీటర్ల బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోయింది. దాన్ని వెల్డింగ్‌తో నింపి మళ్ళీ సైజుకి తరగాలి. మామూలుగా షాఫ్ట్ రెండు చివరలా కంపెనీవాళ్ళు చేసిన సెంటర్ గుంటలుంటాయి, వాటి మధ్య పట్టుకుంటే సరిపోతుంది. ఎవరో సుత్తితో కొట్టి బేరింగ్ ఊడదీసినట్టున్నారు, గుంటలు పాడైపోయాయి. కాబట్టి ఫోర్ జా, పుల్ల. ఎక్కడ ఆనించాలి? షాఫ్ట్ మీద బాగా మెరిసే చోటే బాగా అరిగిన చోటు. కొత్త కుర్రాళ్ళ చెయ్యి ముందు అక్కడికే పోతుంది. బాబాయి దాన్ని వదిలేసి, రోటర్ పక్కన ఏదీ ఎప్పుడూ రాసుకోని ఒక మెడ ఉంటే, తుప్పు గీకి, అక్కడ ఆనించాడు. అక్కడ కంపెనీ తరిగినది ఇంకా అలాగే ఉంది. ఏ పాత ఒప్పందాన్నయినా, ఏ కుటుంబ తగాదానయినా విప్పాల్సి వస్తే మనం చేసేది దీనికి తలకిందులు. బాగా నోళ్ళలో నాని మెరుగెక్కిన కథ దగ్గర మొదలుపెడతాం.

షాఫ్ట్ తెచ్చినవాడు రైతు కాదు, మధ్యలో మెకానిక్. తొందరలో ఉన్నాడు. "అంత అక్కర్లేదన్నా. నీళ్ళ మోటారేగా, నడిచిపోద్ది" అన్నాడు.

బాబాయి తల ఎత్తలేదు. "ఓర్చుకునేది నువ్వు కాదుగా" అన్నాడు.

ఆ మోటారు నిమిషానికి సుమారు 2,880 చుట్లు తిరుగుతుంది. రోజుకి ఆరు గంటలు నడిచినా పది లక్షలు దాటతాయి. బేరింగ్ చోటు రోటర్ నడుమకి పక్కగా ఉంటే, ప్రతి చుట్టుకీ ఒక కుదుపు. వినడానికి చిన్న గురక. కొన్నాళ్ళకి బేరింగ్ పోతుంది, సీలు కారుతుంది, ఒకరోజు పొద్దున్నే చేను మధ్యలో నిలబడి రైతు మెకానిక్‌కి ఫోన్ చేస్తాడు. అప్పటికి మా షెడ్డు ఎవరికీ గుర్తుండదు. మెకానిక్‌కి ఇంకో పని దొరుకుతుంది. ఈ 'నడిచిపోద్ది'లో అబద్ధం లేదు, నడుస్తుంది. ఎవరి ఖర్చు మీద నడుస్తుందన్నది అందులో ఉండదు.

డ్రాయింగుల్లో టాలరెన్స్ అని రాస్తారు, ఇంత ఎక్కువ, ఇంత తక్కువ ఉన్నా సరే అని. మామూలు తెలుగులో ఆ మాటకి ఓర్పు, సహనం, తాళిమి. ఇవన్నీ మనకి మంచి గుణాలు, కానీ ఎవరిది వాళ్ళు పడేవి. నా నొప్పి నేను ఓర్చుకుంటే అది ఓర్పు. నీ నొప్పి నేను ఓర్చుకుంటానంటే దానికి వేరే పేరుండాలి. మా ఆఫీసు మీటింగుల్లో ఈ మాట మర్యాదగా వినిపిస్తుంది: "అది ఎడ్జ్ కేసు, వందలో ఒకరికే వస్తుంది, వదిలేద్దాం." వందలో ఒకరు అనేది స్క్రీన్ మీద చాలా చిన్న అంకె. ఆ ఒక్కరికి మాత్రం ఫారం నూటికి నూరుపాళ్ళూ సబ్మిట్ కాదు. ఆవిడ ఆ మీటింగులో ఉండదు. సంస్కృతంలో సుఖం, దుఃఖం అనే మాటలకి కొందరు ఒక వ్యుత్పత్తి చెప్తారు. 'ఖ' అంటే రంధ్రం, చక్రంలో ఇరుసు దూరే రంధ్రం. అది బాగా కుదిరితే సుఖం, కుదరకపోతే దుఃఖం అని. పండితుల్లో దీని మీద పేచీ ఉంది, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నిజమో కాదో గానీ బండి చేసేవాడికీ బండిలో కూర్చునేవాడికీ ఉన్న సంబంధం మొత్తం అందులో ఉంది. రంధ్రం తొలిచేది ఒకరు, కుదుపు ఇంకొకరిది.

పెద్దమనుషుల్ని పిలిచి 'మధ్యస్థంగా తెంపండి' అనడం మనకి అలవాటు. అరిస్టాటిల్ కూడా మంచిని రెండు కొసల నడుమ వెతికినవాడే. వృత్తానికి నడుమ కనుక్కోవడం తెలిసినవాడి వల్లే అవుతుందని పోలిక కూడా తెచ్చాడు. తన మొగ్గు ఎటుందో చూసుకుని, వంకర కర్రని సాపు చేసేవాళ్ళలా ఎదురువైపుకి లాక్కోమన్నాడు. ఈ రెండో మాట నాకు నచ్చుతుంది, అది ఫోర్ జా చక్ మీద చేసే పనే. కానీ మన పంచాయితీల్లో జరిగే 'మధ్య' వేరు. ఒకడు పది అడుగుతాడు, రెండోవాడు రెండిస్తానంటాడు, ఆరు దగ్గర తెగుతుంది. తర్వాతిసారి మొదటివాడు ఇరవై అడుగుతాడు. మధ్య పదకొండుకి జరుగుతుంది. గట్టిగా లాగినవాడి వైపు జరిగే మధ్య అది. లేత్‌లో నడుమ మిషన్ తిరిగే చోట ఉంది, ఏ జా ఎంత గట్టిగా నొక్కినా అది జరగదు. జాబే దాని దగ్గరికి రావాలి.

మరి నీతిలో ఆ జరగని నడుమ ఎక్కడుంది? మిషన్ ఇరుసు మాత్రం పూర్తి నిజమా, దాన్ని తరిగింది ఇంకో మిషన్ కదా, దాన్ని ఇంకోటి? ఈ ప్రశ్న పాతది. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే వర్క్‌షాపులో, 1805 ప్రాంతంలో, ఒక బల్ల మైక్రోమీటరు ఉండేది. దానికి పెట్టుకున్న పేరు లార్డ్ ఛాన్సలర్, అప్పట్లో ఆ దేశపు పెద్ద న్యాయమూర్తి పదవి పేరు. కొలతల తగాదా వస్తే ఆఖరి తీర్పు దానిదే, దాని మీద అప్పీలు లేదు. నాకు ఆ పేరు పెట్టిన పనివాళ్ళ మీద గౌరవం, ఆ ఏర్పాటు మీద అనుమానం. ఆ షాపులోనే కొంతకాలం పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, 1840లో గ్లాస్గోలో జరిగిన ఒక సభలో, చదును పలకలు తయారుచేసే పద్ధతి గురించి చెప్పాడు. అందులో ఛాన్సలర్ ఎవరూ లేరు. ఏ ఒక్కటీ సరిగా లేని మూడు ఇనుప పలకలు తీసుకుంటారు. రంగు పూసి ఒకదాని మీద ఒకటి ఆనించి, రంగు అంటిన ఎత్తుల్ని గీకుతారు. మొదటిదీ రెండోదీ, రెండోదీ మూడోదీ, మూడోదీ మొదటిదీ, మళ్ళీ మళ్ళీ. చివరికి మూడూ చదును అవుతాయి. బయటి కొలబద్ద ఏదీ లేకుండా, తప్పుల్లోంచే.

మూడు ఎందుకు? రెండే ఉంటే ఒకటి గుంటగా, ఒకటి బొడిపెగా తయారై అతికినట్టు సరిపోతాయి. వెలుతురు కూడా దూరదు. రెండూ వంకరే, కానీ ఒకదానికొకటి ఒప్పుకున్నాయి. మూడో పలక వచ్చేదాకా ఆ సంగతి తెలీదు. గుంట పలకకి సరిపడేలా గీకితే మూడోది కూడా బొడిపె అవుతుంది, అప్పుడు రెండు బొడిపెలూ ఒకదాని మీద ఒకటి పెడితే ఊగుతాయి.

మెకానిక్కూ షెడ్డూ 'నడిచిపోద్ది' అని ఒప్పుకోవడం ఆ రెండు పలకల ఒప్పుకోలే. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు, ఇద్దరికీ సమ్మతమే. ఇష్టపూర్వకంగా కుదిరిన ఒప్పందం చాలని వాదించేవాళ్ళు నా స్నేహితుల్లో చాలామంది ఉన్నారు, తెలివైనవాళ్ళు. వాళ్ళకి నేను అడిగేది ఒకటే, మూడో పలక ఎక్కడ?

మూడో పలకని తెచ్చుకోవడం కూడా అంత తేలిక వ్యవహారం కాదు. పుల్ల కొస రెండు మిల్లీమీటర్ల నుంచి అర మిల్లీమీటరుకి వచ్చాక, అంటే జాబ్ ఒంటి మీద 0.05కి వచ్చాక, బాబాయి ఆగాడు. బీరువాలోంచి డయల్ తెమ్మంటావా అన్నాను. "ఇంకో గంట పడుతుంది. ఆ గంట డబ్బులెవరిస్తారు? నీ ముచ్చటకి ఆయన చేను ఎండాలా?" అన్నాడు. నాకు కోపమొచ్చింది, తర్వాత ఆ మాటలో ఉన్న న్యాయం కనిపించింది. అతిగా సరిచెయ్యడం కూడా ఎదుటివాడి జేబులోంచి, ఎదుటివాడి పొద్దులోంచి తీసిందే. నాసిరకం పని చేసేవాడూ, నైపుణ్యం మీద మోజుతో పని వదలనివాడూ ఇద్దరూ వాడుకునేది అవతలివాడి ఓర్పునే. రెండోవాడికి చప్పట్లు పడతాయి కాబట్టి అతన్ని ఎవరూ అడగరు.

అందుకే ఆ పూట బాబాయి చేసిన పనిని నేను ఇప్పటికీ తలుచుకుంటాను. మెకానిక్‌ని రైతుకి ఫోన్ చెయ్యమన్నాడు. మెకానిక్‌కి అది ఇష్టం లేదు. గిరాకీకీ షెడ్డుకీ నేరుగా మాటలు కలిస్తే మధ్యలో అతని బతుకేం కావాలి? అది కూడా ఒక న్యాయమైన భయమే. అయినా చేశాడు, స్పీకర్ పెట్టాడు. రైతు గొంతు వెనక ఎక్కడో గేదె అరుస్తోంది.

"రేపు పొద్దున్నకి మిరపకి నీళ్ళు కట్టాలయ్యా. ఎట్టా చేస్తారో నాకు తెలవదు. మళ్ళీ ఈ కాపు అయ్యేదాకా మాత్రం దాన్ని ఊడదియ్యనియ్యమాకండి."

ఒకే ఊపిరిలో రెండు కొలతలు చెప్పాడు, ఒకటి పైహద్దు, ఒకటి కిందిహద్దు. ఏ డ్రాయింగులోనూ అంత స్పష్టంగా ఉండదు. డయల్ బయటికి రాలేదు. కానీ బాబాయి పుల్లని జరిపి షాఫ్ట్ రెండో చివర కూడా ఆనించి చూశాడు, అక్కడ ఇంకా ఊగుతోంది. దాన్ని సర్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలకి ఆయన డబ్బులు వేసుకోలేదు. మెకానిక్ వాచీ చూసుకుంటూ గడపలో నిలబడ్డాడు. వేసుకోవాల్సిందని నా అభిప్రాయం. ఆ ఓర్పు కూడా ఎవరో ఒకరు మోస్తున్నదే కదా, ఈసారి పిన్ని మోస్తుంది. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.

పుల్ల ఇప్పటికీ షెడ్డులో వాడుకలోనే ఉంది. రబ్బరు రెండుసార్లు మార్చారు. గీతల కాగితం గ్రీజు పట్టి నల్లబడింది, ఎవరికీ దాంతో పని లేదు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే పిన్ను బాగా అరిగి, రబ్బరు లాగుతున్నా పుల్ల టకటకమంటోంది. కొత్త పిన్ను వెయ్యాలన్నాడు బాబాయి. అందుకు కడ్డీ మూతిలో రంధ్రాన్ని కొంచెం పెద్దది చెయ్యాలి, కడ్డీ చదరంది కాబట్టి ఫోర్ జాలో పట్టి, రంధ్రాన్ని నడుమకి తెచ్చుకోవాలి. "ఏం పెట్టి సెంటర్ చేస్తావ్, పుల్ల ఊడదీస్తున్నాంగా?" అని అడిగాను. కుర్రాడు అప్పటికే చాక్‌పీస్ వెతుకుతున్నాడు.